మీ ఊరి పటంలో మీ ఇల్లు ఉందా?

మన ఆసుపత్రి ఓ.పి.లో చీటీ రాసే చోట ఊరి పేరు చెప్పగానే మా వాళ్ళు ఊరుకోరు. "ఏ పేట? ఏ బోరు నీళ్ళు తాగుతున్నారు? వాగుకు ఇవతలా, అవతలా?" అని అడుగుతారు. జ్వరమని వస్తే వాగు గొడవ ఎందుకని కొందరు విసుక్కుంటారు. ఒంట్లో బాగాలేనప్పుడు ఇన్ని ప్రశ్నలు ఎవరికి మాత్రం ఇష్టం? అయినా ఎందుకు అడుగుతున్నామో ఈసారి వివరంగా చెప్పాలనుకున్నాం. అందుకు ముందుగా లండన్ నగరంలో చాలా కాలం కిందట జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి.

1854 ఆగస్టు 31 రాత్రి లండన్‌లోని సోహో ప్రాంతంలో, బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపక్కల కలరా విరుచుకుపడింది. మొదటి మూడు రోజుల్లోనే 127 మంది చనిపోయారు. చివరికి మృతుల సంఖ్య 600 దాటింది. కలరా చెడు గాలి వల్ల, దుర్గంధం వల్ల వస్తుందని ఆనాటి వైద్యుల్లో చాలామంది నమ్మకం. డాక్టర్ జాన్ స్నో అనే వైద్యుడికి మాత్రం నీటి మీద అనుమానం. ఆయన మరణాల జాబితా తీసుకుని ఆ వీధులన్నీ తిరిగారు. తర్వాత ఆ ప్రాంతం పటం మీద ఒక్కో మరణానికి ఒక్కో చిన్న నల్లగీత, ఆ ఇంటి దగ్గరే గీశారు. వీధి పంపులను కూడా గుర్తించారు. నల్లగీతలు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుట్టలుగా పడ్డాయి.

అయితే గీతలు పడని చోట్లు కూడా అంతే ముఖ్యం. ఆ దగ్గరలోనే పేదల సత్రం ఒకటి ఉండేది. అందులో 535 మంది ఉంటే చనిపోయింది 5గురే. వాళ్ళకు సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు కర్మాగారంలో 70 మంది పనివాళ్ళుంటే ఒక్కరూ కలరాతో పోలేదు. వాళ్ళు అక్కడ ఇచ్చే బీరే తాగేవారు, అక్కడా వేరే బావి ఉంది. (ఇది చదివి బీరు మంచిదని ఇంట్లో ఎవరూ వాదించవద్దు. వాళ్ళను కాపాడింది ఆ పంపు నీళ్ళు తాగకపోవడమే.) ఇక ఎంతో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక వితంతువు కలరాతో చనిపోయింది. విచారిస్తే, బ్రాడ్ స్ట్రీట్ నీటి రుచి మరిగిన ఆమె రోజూ బండి మీద ఆ నీళ్ళే సీసాలో తెప్పించుకునేదని తేలింది.

సెప్టెంబరు 7న స్నో ఆ పారిష్ పెద్దలను కలిసి మాట్లాడారు. మరునాడే పంపు పిడి ఊడదీశారు. నిజానికి అప్పటికే జనం ఇళ్ళు విడిచి పారిపోవడంతో మరణాలు తగ్గుముఖం పట్టాయని స్నో స్వయంగా రాశారు. అందుకే చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. ఒప్పుకోనివారిలో ఆ ప్రాంతపు సెయింట్ లూక్స్ చర్చి సహాయ పాదిరి హెన్రీ వైట్‌హెడ్ ఒకరు. స్నో చెప్పింది తప్పని నిరూపించాలనే ఆయన బయలుదేరారు. తన సంఘస్థులే కనుక ఆయనకు ప్రతి గడపా తెలుసు. ఒకే ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఎవరు ఏ నీళ్ళు తాగారో, ఏ రోజు తాగారో అడిగారు. అడిగిన కొద్దీ ఆయన అనుమానమే వీగిపోయింది.

1855లో అసలు సంగతి ఆయన కంటపడింది. పంపు ఎదుట ఉన్న 40వ నంబరు ఇంట్లో, కలరా చెలరేగడానికి కొద్ది రోజుల ముందే ఒక పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి పొత్తిగుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంటి ముందున్న మురుగు గుంటలో పోసింది. తవ్వించి చూస్తే ఆ గుంట ఇటుకలు శిథిలమై ఉన్నాయి. గుంటకూ పంపు బావికీ మధ్య దూరం 3 అడుగుల లోపే. ఆ బిడ్డ తండ్రికి కలరా సోకింది సరిగ్గా పంపు పిడి ఊడదీసిన రోజున. పంపు అలాగే ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. డాక్టరుగారి పటానికి పాదిరిగారి ఇంటింటి పరిచయం తోడు కాకపోతే ఈ సంగతి బయటపడేది కాదు.

స్నో తర్వాత వేసిన పటంలో ఒక వంకరటింకర గీత కనిపిస్తుంది. ఆ గీత లోపల ఉన్న ఇళ్ళకు బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర, గీత అవతల ఇళ్ళకు ఇంకొక పంపు దగ్గర. ఆ దూరాన్ని ఆయన స్కేలు పెట్టి కొలవలేదు, సందుల వెంట మనిషి నడిచే దారిని బట్టి కొలిచారు. మేము ఇంత కథ చెప్పింది ఈ గీత కోసమే.

వాగు అవతల గూడెం

మన దేశంలో ఆరోగ్య ఉపకేంద్రం మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒకటి ఉండాలని నియమం. లెక్క తలలకే గాని కాళ్ళకు కాదు. మేము వెళ్ళే ఊళ్ళలో ఒక గూడెం ఉంది. పటం మీద చూస్తే ఉపకేంద్రానికి రెండు కిలోమీటర్లు. మధ్యలో వాగు. వాన పడితే వంతెన మీదుగా చుట్టు తిరిగి ఏడు కిలోమీటర్లు. మేమూ ఆ రెండు కిలోమీటర్ల లెక్కనే నమ్మాం. ఒక వానాకాలం రాత్రి నొప్పులు పడుతున్న తల్లిని మంచం మీద మోసుకుని ఆ చుట్టు దారినే తెచ్చారు. తల్లి బతికింది. బిడ్డను దక్కించుకోలేకపోయాం.

ఆ తర్వాత మా సిస్టర్లు అంగన్‌వాడీ వాకిట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి ముగ్గుపిండితో ఊరి పటం వేయించారు. చింతచెట్టు, బోరు, చర్చి, గుడి, వాగు, ఎండాకాలపు కాలిబాట, వానాకాలపు దారి అన్నీ వాళ్ళే గీశారు. మా దగ్గరున్న కాగితం మీద లేని పదకొండు ఇళ్ళు ఆ ముగ్గులో తేలాయి. పొలాల్లో కాపురముండే ఆ ఇళ్ళ పిల్లల్లో చాలామందికి టీకాలు పూర్తికాలేదు. దాన్ని కాగితం మీదికి ఎక్కించి, ఫోనులోని జి.పి.ఎస్.తో సరిచూసుకున్నాం. ఇప్పుడు టీకాల రోజు వాగు అవతలే పెడుతున్నాం. నెలలు నిండిన తల్లులను వానాకాలంలో వారం ముందే వచ్చి ఇటువైపు బంధువుల ఇళ్ళలో ఉండమంటున్నాం.

బోర్ల సంగతి

ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ, ప్రకాశం జిల్లాల పేర్లు గుర్తొస్తాయి. అప్పటి నెల్లూరు జిల్లా ప్రాంతంలో ఈ జబ్బు ఉన్నట్టు 1937లోనే వైద్యులు రాశారు. కాని ఫ్లోరైడ్ జిల్లా సరిహద్దు చూసుకుని ఆగదు. భూమి లోపలి రాతిని బట్టి, ఒకే ఊళ్ళో ఒక బోరు మంచిది, ఇంకొకటి కాకపోవచ్చు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదు. రంగులో, వాసనలో తేడా ఉండదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కనుక ఒక్కో బోరును పరీక్షించి, ఫలితాన్ని పటం మీద ఎక్కించడం తప్ప దారి లేదు. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ ఉన్న గొట్టపు బావులకు ఎరుపు రంగు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే పని అది. నల్లా నీళ్ళు వచ్చిన ఊళ్ళలో కూడా, సరఫరా ఆగిన రోజున జనం పాత బోరు దగ్గరికే వెళతారు గదా.

ఒక మాట స్పష్టం చేయాలి. క్షయ, హెచ్.ఐ.వి. వంటి జబ్బులున్నవారి ఇళ్ళను గోడకు తగిలించే ఏ పటం మీదా మేము గుర్తించం. ఆ వివరాలు వైద్యుల దగ్గరే ఉంటాయి. మీ ఊళ్ళో ఎవరైనా అలా గుర్తిస్తుంటే వద్దని చెప్పండి.

స్త్రీల సమాజం వారు, యువజనులు పూనుకుంటే ఒక ఆదివారం సాయంత్రంలో ఊరి పటం తయారవుతుంది. పెద్ద కాగితం, నాలుగు రంగుల పెన్సిళ్ళు చాలు. వీధులకంటే ముందు నీళ్ళు, దారులు గీయండి. వానలకు మునిగే చోటు నీలం రంగులో చూపండి. ఊరి చివరి ఇళ్ళు, పొలాల్లోని ఇళ్ళు, వలస వచ్చినవారి గుడిసెలు వదలకండి. ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎం.ను తప్పక పిలవండి. పూర్తయిన పటం ఒక ప్రతి పంచాయతీకి ఇచ్చి, ఇంకొకటి మా ఓ.పి.లో ఇవ్వండి. మే నెలాఖరులోగా అందితే, వానలకు ముందే మా జీపు తిరిగే దారిని దాని ప్రకారం మార్చుకుంటాం.