నిశ్చల దేహంలో మూర్ఛ

జనం ఫిట్స్ అని పిలిచే మూర్ఛ అనగానే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, పళ్లు గిట్టకరచుకోవడం, నోట నురగ రావడం స్ఫురిస్తాయి. కాని మెదడు తీవ్రంగా దెబ్బతిని, ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్న రోగులకు వచ్చే మూర్ఛల్లో అధికభాగం ఇటువంటి లక్షణాలేవీ చూపకుండానే సాగిపోతాయి. నాడీకణాలు పెద్ద సంఖ్యలో ఒకే లయలో విద్యుత్ సంకేతాలు వెలువరించడం మూర్ఛకు మూలం. ఆ అలజడి కండరాలను నడిపే భాగానికి చేరనప్పుడు, లేదా వెంటిలేటర్‌పై ఉంచడానికి ఇచ్చిన కండరాల సడలింపు మందు దానిని మరుగుపరచినప్పుడు, దేహంలో కదలిక కనిపించదు.

మెదడులో రక్తస్రావం, తలకు గాయం, మెదడువాపు వ్యాధి, ఆగిన గుండె తిరిగి కొట్టుకోవడం వంటి స్థితుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. అయితే అందరూ ఏమరుపాటున పడేది మరొక ఘట్టంలో: ఆగకుండా వచ్చిన ఫిట్స్ మందులతో తగ్గి, రోగి శాంతించినట్లు కనిపించినప్పుడు. అమెరికాలోని వర్జీనియాలో 164 మందిని అటువంటి దశలోనే పరీక్షించి 1998లో ప్రకటించిన అధ్యయనంలో, 48 శాతం మందికి మెదడులో మూర్ఛ ఇంకా సాగుతూనే ఉన్నట్లు తేలింది. కాబట్టి ఫిట్స్ ఆగిన తరువాత రోగి తగిన వ్యవధిలో తెలివిలోకి రాకపోతే, అది మందుల మత్తేనని సరిపెట్టుకోవడం ప్రమాదకరం.

మంచం పక్కన నిలిచి చూసేవారికి కొన్ని సూచనలు దొరకవచ్చు: కళ్లు ఒకే పక్కకు తిరిగి నిలిచిపోవడం, కనుగుడ్లు లయబద్ధంగా కదలడం, కనురెప్పగాని పెదవి మూలగాని బొటనవేలుగాని సన్నగా అదరడం, స్పృహ కొంతసేపు మెరుగై మళ్లీ తగ్గడం. ఇవి కనిపిస్తే, ఎంత చిన్నవైనా, కుటుంబసభ్యులు వైద్యులకు తప్పక చెప్పాలి. అయినా నిర్ధారణకు ఈఈజీ ఒక్కటే ఆధారం. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషిపై నమోదు చేసిన ఈ పరీక్షలో, తలపై అతికించిన ఎలక్ట్రోడ్లు మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా చూపుతాయి.

సాధారణ ఈఈజీ అరగంటకు మించదు. మూర్ఛ మాత్రం వచ్చిపోతూ ఉంటుంది. న్యూయార్క్‌లో 570 మందికి నిరంతర ఈఈజీ పెట్టి 2004లో ప్రకటించిన పరిశీలనలో 19 శాతం మందికి మూర్ఛలు బయటపడ్డాయి. వారిలో 92 శాతం మందికి అవి పైకి కనిపించనివే. కోమాలో ఉన్నవారిలో కొందరికి తొలి మూర్ఛ రెండు రోజులు దాటాక గాని దొరకలేదు. అందుకే స్పృహలేని రోగికి కనీసం 24 గంటలు, కోమా అయితే 48 గంటలు పరీక్ష సాగించాలని నిపుణులు సూచిస్తారు.

అయితే గుర్తించినంత మాత్రాన ప్రాణం నిలుస్తుందని చెప్పడానికి వీలులేదు. స్విట్జర్లాండ్‌లో జరిపి 2020లో ప్రకటించిన పోలికలో, రెండుసార్లు చేసిన 20 నిమిషాల పరీక్షలకంటే నిరంతర ఈఈజీ మూడురెట్లకు పైగా ఎక్కువమందిలో మూర్ఛలు పట్టుకున్నా, ఆరు నెలల్లో మరణాల శాతం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగానే ఉంది. మెదడు మొదట తిన్న దెబ్బే చాలామంది భవితవ్యాన్ని నిర్ణయిస్తుందన్నది దీనికొక వివరణ. నిరంతర ఈఈజీ లేని ఆస్పత్రులకు ఈ ఫలితం ఉపయోగపడేదే: ఒక్క పరీక్షలో ఏమీ కనిపించలేదని ఆగకుండా, స్పృహ రానంతకాలం దానిని మళ్లీ మళ్లీ చేయించడం, అప్పటికీ అనుమానం తీరకపోతే ఆ సౌకర్యమున్న చోటికి రోగిని తరలించడం వారికి సాధ్యమైన పనులే.