లిబరల్ అంటే ఎవరి పట్ల ఉదారం?

రామన్నపేట ప్రాంతంలో డిగ్రీ చదివే పిల్లలతో, టీచర్లతో కూర్చుంటే మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. లిబరల్, కన్జర్వేటివ్, లిబర్టేరియన్ - వీళ్లల్లో మనమెవరం? ఉదారవాది, సంప్రదాయవాది, స్వేచ్ఛావాది అని మూడు తెలుగు మాటలు చెప్పి పాఠ్యపుస్తకం ఊరుకుంటది. మాటలైతే అనువాదమైనయి. వాటి వెనకున్న కొట్లాట మాత్రం అనువాదం కాలేదు.

యూరప్‌లో లిబరల్ అంటే రాజు పెత్తనానికి, మతాధికారుల పెత్తనానికి ఎదురు నిలిచినవాడు. మనిషి ఆస్తి జోలికి, మాట జోలికి, మతం జోలికి రాజ్యం రావద్దన్నది అతని వాదన. ఉన్న వ్యవస్థను కాపాడుకోవాలన్నవాడు కన్జర్వేటివ్. అమెరికాలో 1930ల నాటికి లిబరల్ అర్థం దాదాపు తిరగబడింది. పేదల కోసం ప్రభుత్వం కలగజేసుకోవాలనేవాడికి ఆ పేరు స్థిరపడింది. పాత అర్థాన్ని వదలనివాళ్లలో కొందరు తర్వాతి కాలంలో లిబర్టేరియన్ అనే పేరు పెట్టుకున్నారు. (ఆ పేరు కూడా అంతకుముందు అరాచకవాదులది!)

మన దగ్గర ఇంకో చిక్కుంది. 'ఉదారం' అనేది ఇచ్చేవాడి గుణం. హక్కు గురించిన సిద్ధాంతం తెలుగులోకి వచ్చేసరికి దాత మంచితనం అయి కూర్చుంది. రామన్నపేట ఇప్పుడున్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, 2016 దాకా నల్లగొండ జిల్లాలో, పోచంపల్లి ఉంది. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. సాయుధ పోరాటం అప్పటికింకా ఆగలేదు, భూమి ప్రశ్న ఊరూరా రగులుతున్నది. అయినా భూదానం దాత ఔదార్యంగానే చరిత్రకెక్కింది. ఇచ్చినాయన పేరు పుస్తకాల్లో ఉంది. అడిగినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

పేరు పెట్టే అధికారం ఎవరిదన్నది అసలు ప్రశ్న. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ దగ్గర చీలిక స్పష్టమైంది. ఒక పక్షం 'మితవాదులు', ఇంకో పక్షం 'అతివాదులు' అయ్యారు. అతి అంటే ఎవరి కొలతతో? దొర గడిలో కూలి లేకుండా వెట్టి చేసే మాదిగవాడికి వెట్టి పోవాలనడం అతి ఎట్లయితది? ఊర్లలో జనం ఈ పేర్లు వాడలేదు, 'సంగం' అన్నారు. అయితే ఆ సంగం నాయకత్వంలో దళితుల చోటెంత అన్నది కూడా అడగాల్సిందే.

మద్రాసులో 1916లో పుట్టిన జస్టిస్ పార్టీ అసలు పేరులోనే లిబరల్ ఉంది: దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్. బ్రాహ్మణాధిపత్యాన్ని ప్రశ్నించింది, మంచిదే. కానీ బొబ్బిలి రాజా వంటి జమీందార్లు దానికి నాయకులు. దళిత నాయకుడు ఎం.సి. రాజా 1923లోనే అందులోంచి బయటికొచ్చారు. 1959లో ఎన్.జి. రంగా అధ్యక్షుడిగా మొదలైన స్వతంత్ర పార్టీ సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించింది, రైతు స్వేచ్ఛ అన్నది. భూమి ఉన్నవాడి స్వేచ్ఛ అది. ఆ భూమిలో కూలికిపోయేవాడి సంగతి ఆ మాటలో లేదు.

దీనికి అంబేద్కర్ 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో జవాబు చెప్పారు. రాజ్యం తప్పుకుంటే మిగిలేది స్వేచ్ఛేనా అని ప్రశ్నించి, అది భూస్వామికి కౌలు పెంచే స్వేచ్ఛ, యజమానికి పనిగంటలు పెంచే స్వేచ్ఛ అవుతుందన్నారు. వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలని ప్రతిపాదించారు. అట్లని ఆయన వ్యక్తి స్వేచ్ఛను వదులుకోలేదు, దానికోసమే రాజ్యాంగంలోనే రక్షణలు రాయాలన్నారు. ఆయన్ని ఈ మూడు పేర్లలో ఒకదానికింద కట్టేయాలని చూసేవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

లిబర్టేరియన్ భయమంతా రాజ్యం గురించే. వాడలో మనిషిని ఆపేది చాలాసార్లు రాజ్యం కాదు, ఊరు. అందుకే రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినప్పుడు ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే కట్టడి చేయలేదు, మనుషుల్ని కూడా చేసింది. 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దాకా వచ్చింది. 1964లో అమెరికాలో నల్లవాళ్లకు హోటళ్ల తలుపులు తెరిచిన పౌరహక్కుల చట్టానికి సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ వ్యతిరేకంగా ఓటేశాడు. సొంత వ్యాపారం ఎట్ల నడుపుకోవాలో ప్రభుత్వం చెప్పకూడదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. మన ఊరి చాయ్ హోటల్లో రెండు గ్లాసులు పెట్టినవాడు గోల్డ్‌వాటర్ పేరు విని ఉండడు. 'నా హోటలు, నా ఇష్టం' అన్నది మాత్రం ఆ వాదనే.