రాజ్-కోటి: మధ్యలో ఆ చిన్న గీత!

ఇద్దరు మనుషులకి ఒకే పేరుంటుందా? ఉండేది! తెర మీద 'సంగీతం: రాజ్-కోటి' అని పడితే, ఆయనెవరో ఒక్కరే అనుకున్నవాళ్లు మా సాలూరు, బొబ్బిలి వైపు నాకు చాలామంది తెలుసు.

రాజ్ అంటే తోటకూర సోమరాజు, టి.వి.రాజుగారి అబ్బాయి. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, రాజేశ్వరరావుగారి అబ్బాయి. ఆ ఇంటిపేరు ఎక్కడిదో మా వాళ్లకి వేరే చెప్పాలా? రాజేశ్వరరావుగారు పుట్టింది సాలూరు దగ్గర శివరామపురంలోనే. 'మాయాబజార్' (1957)కి కొన్ని బాణీలు కట్టి ఆయన తప్పుకుంటే, మిగతా పని పూర్తి చేసింది ఘంటసాల... విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు! చూశారా, మనుషులు మారడం అప్పుడూ ఉంది.

చక్రవర్తిగారి దగ్గర పని నేర్చుకున్న ఈ ఇద్దరు కుర్రాళ్లూ 1983లో 'ప్రళయగర్జన'తో జంటకట్టారు. 1988లో 'యముడికి మొగుడు', 'ఖైదీ నెం. 786' వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు. అక్కడ పనిచేసిన మణిశర్మ కూడా పెద్ద సంగీత దర్శకుడే అయ్యాడు. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడే నాకు జర్మనీ హార్డ్ రాక్ బృందం 'స్కార్పియన్స్' గుర్తొస్తుంది. 1965లో హానోవర్‌లో రుడాల్ఫ్ షెంకర్ మొదలుపెట్టాడు. 1973లో సొంత తమ్ముడు మైకేలే గిటారు పట్టుకుని ఇంగ్లండువాళ్ల 'యు.ఎఫ్.ఓ.' బృందంలోకి వెళ్లిపోయాడు. అన్న గుండె ఎలా ఉండి ఉంటుందో! తమ్ముడి చోటులోకి ఉలి రోత్ వచ్చాడు, 1978లో అతనూ వెళ్లాడు, మథియాస్ యాబ్స్ వచ్చాడు. అసలైన ప్రపంచ ఖ్యాతి ఆ తర్వాతే! రుడాల్ఫ్ ఉన్నాడు గనక స్కార్పియన్స్ ఉంది.

అయిదుగురిలో ఒకరు పోతే మరొకరిని తెచ్చుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు పోతే?

1994లో 'హలో బ్రదర్' వచ్చింది. ఊళ్లన్నీ ఊగిపోయాయి, నంది అవార్డు కూడా వచ్చింది. సరిగ్గా ఆ వేడిలోనే, ఆ 'బ్రదర్స్' ఇద్దరూ విడిపోయారు! మరుసటి ఏడు కోటి 'పెదరాయుడు' చేస్తే, రాజ్ 'సిసింద్రీ' చేశాడు. ఎవరి వాటా ఎంతో తేలుద్దామని రెండు సినిమాల పాటలూ వరసపెట్టి విన్నాను. నా చెవికి అక్కడ బరువు వినిపించింది, ఇక్కడ చిలిపిదనం వినిపించింది. రెండూ ఒకే పాటలో కావాలంటే మళ్లీ 'ముఠామేస్త్రి' పెట్టుకోవాల్సిందే.

ఆ తర్వాత కోటి చేతి నిండా సినిమాలతో సాగిపోయాడు. రాజ్ మాత్రం చాలా తక్కువ చేశాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2023 మే 21న రాజ్ కన్నుమూశాడు. కోటి కొడుకు రోషన్ 'నిర్మలా కాన్వెంట్' (2016)కి పాటలు కట్టాడు. తెర మీద పేరు రోషన్ సాలూరి అనే పడింది, ఒక్కడిదే.