మన్యంలోని ఇంటి కంప్యూటర్‌ను దూరం నుంచి నడపడం: అపోహలు – వాస్తవాలు

అరకులోనో పాడేరులోనో ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను విశాఖపట్నంలో కూర్చుని తెరవడం, అందులోని ఫైళ్లను చదవడం, ప్రోగ్రాములను నడపడం ‘రిమోట్ యాక్సెస్’ అనే ఏర్పాటుతో సాధ్యమవుతుంది. చదువుకో ఉద్యోగానికో ఘాట్ రోడ్డు దిగి వెళ్లేవారికి ఇది ఎంతో ఉపకరించే సాధనమే అయినా, దాని చుట్టూ అల్లుకున్న అపోహలు కొందరిని అనవసరంగా వెనక్కి లాగుతున్నాయి, మరికొందరిని ప్రమాదంలోకి నెడుతున్నాయి.

అపోహ: కొండల్లోని ఇంటర్నెట్ వేగం ఇందుకు చాలదు.

దూరపు తెర మీద కనిపించే బొమ్మ సినిమాలాగా పూర్తిగా ప్రవహించదు; తెరపై మారిన భాగం మాత్రమే కుదించిన రూపంలో చేరుతుంది గనుక, అక్షరాలతో, లెక్కలతో సాగే పనికి మామూలు 4జీ సంకేతం సరిపోతుంది. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన 100 టవర్లలో 85 అరకు, పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాకే దక్కాయి; అయితే గుట్ట అడ్డువచ్చిన గూడేనికి టవర్ దగ్గరగా ఉన్నా సంకేతం అందకపోవచ్చు. నిజంగా చూసుకోవలసినవి రెండు. ఇంటి కంప్యూటర్ ఇక్కడ పంపే పక్షం కాబట్టి డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ వేగం ముఖ్యం. రెండవది జాప్యం, అంటే మీట నొక్కిన క్షణానికీ దాని ఫలితం తెర మీద కనబడే క్షణానికీ మధ్య గడిచే వ్యవధి. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచే భూస్థిర ఉపగ్రహం ద్వారా వచ్చే ఇంటర్నెట్‌లో ప్రశ్న పైకెక్కి దిగి, జవాబు మళ్లీ పైకెక్కి దిగేసరికి, కాంతి వేగంతో ప్రయాణించినా అర సెకను పడుతుంది. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఆ అర సెకను తగ్గదు.

అపోహ: ఇంటి ఐపీ చిరునామా తెలిస్తే ఎక్కడి నుంచైనా చేరుకోవచ్చు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఐపీ చిరునామా అంటే నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య. పాత పద్ధతిలో అటువంటివి సుమారు 430 కోట్లే ఉన్నందున, టెలికాం సంస్థలు ఒకే బహిరంగ చిరునామాను అనేకమంది చందాదారులకు పంచుతాయి. ఆశ్రమ పాఠశాల చిరునామా మాత్రమే రాసి, విద్యార్థి పేరు రాయని ఉత్తరం ఎవరికి చేరాలో తెలియక నిలిచిపోయినట్లే, బయటినుంచి వచ్చిన పిలుపు సంస్థ సర్వర్ల దగ్గరే ఆగిపోతుంది. ఈ పంపకం కోసం 2012లో ప్రత్యేకంగా కేటాయించిన సంఖ్యలు 100.64 నుంచి 100.127 వరకు ఉండే అంకెలతో మొదలవుతాయి. రౌటర్ తన బయటి చిరునామాగా వాటిలో ఒకదాన్ని చూపితే, బయటి పిలుపుల కోసం రౌటర్‌లో ద్వారాలు (పోర్టులు) తెరిచే ప్రయత్నమంతా వృథా. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, ఎనీడెస్క్ వంటి రిమోట్ యాక్సెస్ ప్రోగ్రాములు అలాంటిచోట కూడా పనిచేయడానికి కారణం, ఇంటి కంప్యూటర్ తానే బయలుదేరి మధ్యవర్తి సర్వర్‌ను పలకరించడం, వినియోగదారుడూ అక్కడికే చేరడం.

అపోహ: విండోస్ ఉంటే చాలు.

విండోస్‌తో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌తో హోమ్ రకం విండోస్ ఉన్న కంప్యూటర్ నుంచి ఇతరుల యంత్రాన్ని చూడవచ్చు గానీ, ఆ కంప్యూటర్‌ను ఇతరులు తెరవలేరు. అందుకు ప్రో రకం కావాలి.

అపోహ: పాస్‌వర్డ్ గట్టిదైతే భయం లేదు.

2019 మేలో బయటపడిన ‘బ్లూకీప్’ లోపం పాస్‌వర్డ్‌తో నిమిత్తం లేకుండానే పాత విండోస్ యంత్రాల్లోకి దారి ఇచ్చేది. అది ఎంత తీవ్రమైనదంటే, 2014లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది. అందువల్ల రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 అనే ద్వారాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా, వీపీఎన్ అనే రహస్య మార్గం వెనుక ఉంచాలి.

దీనికన్నా క్రూరమైన ప్రమాదం మరొకటి ఉంది. బ్యాంకు మనిషినని నమ్మించి, ఎనీడెస్క్ పెట్టించి, తెర మీద కనబడే తొమ్మిది అంకెల కోడ్ చెప్పించుకుని ఖాతా ఖాళీ చేసే మోసంపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. బాధితుని చేతనే తలుపు తీయిస్తారు. ఫోన్‌లో అడిగినవారికి ఆ కోడ్ ఎన్నడూ చెప్పకూడదు, పొరపాటున చెబితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అపోహ: కంప్యూటర్‌ను ఆన్‌లో వదిలి వస్తే ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది.

2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుఫాను సంగతి అటుంచి, ఒక్క ఉరుముల వాన చాలు కరెంటు పోవడానికి. తిరిగి వచ్చినా చాలా కంప్యూటర్లు వాటంతట అవి మేల్కొనవు. బయాస్ అనే ప్రాథమిక అమరికలో, కరెంటు రాగానే ఆన్ కావాలన్న ఎంపికను ముందే చేసి రావాలి. యూపీఎస్‌ను కంప్యూటర్‌తోపాటు రౌటర్‌కూ కలపాలి. అలా కలిపినా, ఊరి టవర్ బ్యాటరీ అయిపోయిన తర్వాత కరెంటు వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు.