తెనాలి నీరు, రేపల్లె ఉప్పు

తెనాలి ఊరి మధ్యలో మూడు కాలువలు పారతాయి. వాటిలో ఒకటి నిజాంపట్నం కాలువ. ఎక్కడికి పోతుందో పేరే చెబుతోంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక పశ్చిమ డెల్టాకు మళ్లిన కృష్ణ నీరు దుగ్గిరాల పసుపునీ తెనాలి వరినీ తడిపి, చివరికి సముద్రం అంచున రేపల్లె వైపున్న చేలకు అందాలి. ఈ నేలను జోన్లుగా విడగొట్టిన ప్రతిసారీ భూమిని చూసినంతగా నీటిని చూడలేదు. నా అభ్యంతరం అక్కడే.

2014 రాజధాని ప్రాంత చట్టంతో తెనాలి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) పరిధిలోకి వెళ్లింది. మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చిన ముసాయిదా ప్రణాళిక పొలాలకు వ్యవసాయ పరిరక్షణ జోన్లు గీసింది. రైతులు ఎదురు తిరిగారు. పచ్చటి చేనంటే వాళ్లకు ప్రేమ లేక కాదు. గీతకు అవతల ఎకరం ప్లాట్లుగా మారి కోట్లు పలుకుతుంటే, ఇవతల ఎకరాన్ని కూతురి పెళ్లికి అమ్ముదామన్నా బేరం రాదు. అందరికీ పనికొచ్చే పచ్చదనం భారాన్ని కొందరి నెత్తిన వేయడం అన్యాయం. లేఅవుట్ల అనుమతికి వసూలు చేసే రుసుములోంచి, పరిరక్షణలో పెట్టిన ప్రతి ఎకరానికీ ఏటా కొంత ముట్టజెప్పాలి.

తీరం గీత ఇంకా పాతది. 1991 నాటి కేంద్ర నోటిఫికేషన్ పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఆంక్షలు పెట్టింది. ఆ హద్దులో రొయ్యల చెరువులు వద్దని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005 చట్టం రిజిస్ట్రేషన్ షరతుతో మళ్లీ దారి తెరిచింది. 200 మీటర్లలోపు మాత్రం కూడదంది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక తీరమంతా చెరువులే.

కాగితం మీద గీత ఉన్నా, చేలో అది ఎలా చెరిగిపోతుందో చూడండి. ఒకరు మోటారుతో ఉప్పునీరు తోడి చెరువు నింపుతారు. గట్టు కింద నుంచి ఊట పక్క చేలోకి దిగుతుంది. వేసవిలో మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది, వరి దుబ్బు చేయదు. పట్టుబడి అయ్యాక చెరువు నీటిని డ్రెయిన్‌లోకి వదులుతారు. దిగువన అదే నీళ్లు తోడుకునే రైతూ దెబ్బతింటాడు. ఒకటి రెండు పంటలు పోయాక అతనూ చేనును చెరువుకే కౌలుకిస్తాడు. ఎవరూ చట్టం మీరినట్టు కనపడదు, కానీ వరి జోన్ మాయమవుతుంది. రొయ్య మీద నాకు పగ లేదు, దానివల్ల అప్పులు తీర్చుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఉప్పునీటికి వేరే దారి చూపకుండా అనుమతులివ్వడమే తప్పు.

నిజాంపట్నం వైపు మడ అడవుల విషయంలో మాత్రం రాజీ వద్దు, ఉప్పెన జోరును తగ్గించేవి అవే. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసింది. కృష్ణకు అవతల జరిగిన ఆ సంగతి ఇవతలి తీరానికి చెప్పాల్సిన పని లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరులో మిగిలింది, రేపల్లె బాపట్లలో చేరింది. ఒకే కాలువకు ఎగువ ఒక కలెక్టరు, దిగువ ఇంకొకరు. కాబట్టి ఇకమీదట జోన్ల పటంలో ముందు కాలువలూ డ్రెయిన్లూ గీయాలి, సర్వే నంబర్లు ఆ తర్వాతే. ఉప్పునీరు వదిలే డ్రెయిన్ ఏ చేల వెంట పోతుందో ఆ రైతులు గ్రామసభలో ఒప్పుకోనిదే ఒక్క కొత్త చెరువుకూ అనుమతి ఇవ్వకూడదు.