రాతిపువ్వు సంతానము

తెనాలి అంగళ్లలో మసాలా దినుసులతోపాటు నల్లగా ముడుచుకొనిన రాతిపువ్వు దొరకును. పేరునకు పువ్వేగాని యది పువ్వు గాదు, మొక్కయు గాదు. ఒక శిలీంధ్రమును, కంటికి కానరాని పచ్చని పాచియు గలిసి చేయు కాపురము. పాచి యెండతో నాహారము వండును; శిలీంధ్రము దానికి గూడై తేమను నిలుపును. ఇట్టివానిని లైకెనులందురు. ఇవి రెండు జీవుల కూటమియని 1867లో ష్వెండెనర్ అను స్విస్ శాస్త్రజ్ఞుడు ప్రకటింపగా, లైకెను పండితులే పలువురు కోపగించిరి.

బాపట్ల, రేపల్లె తోటలలో మామిడి బోదెలపై బూడిదవన్నె మచ్చలను జూచి, చీడయని గీకివేయువారు కలరు. చిన్ననాడు నేనును గీకితిని. అవి బెరడుపై నివసించునేగాని చెట్టు రసమును పీల్చవు.

ఈ జంటకు సంతానమెట్లు కలుగును? శిలీంధ్రము సంయోగముచే విత్తురేణువులను పుట్టించును గాని వానిలో పాచి యుండదు. గాలికెగిరి పడినచోట తగిన పాచి దొరకనిచో ఆ రేణువు నశించును. అందుచే ననేక లైకెనులు తమ దేహముపైననే పిండివంటి ధూళిని పుట్టించును. ఒక్కొక్క నలుసులో కొన్ని పాచికణములు, వానిని చుట్టిన శిలీంధ్రపు పోగులు నుండును. కాపురమంతయు మూటగట్టుకొని పోయినట్లే! మన మసాలాలోని పార్మోట్రీమా పెర్లేటం రేకుల యంచులందు ఈ పిండి కానవచ్చును.

అయితే ధూళినుండి పుట్టినది తల్లికి నకలే; క్రొత్త జన్యువుల కలయిక లేదు. దుగ్గిరాల పసుపును తలచుకొనుడు. దాని 63 క్రోమోసోములు జతలుగా గాక మూడేసిగా నుండుటచే గింజ కట్టుట బహు అరుదు, కొమ్ము నాటవలసినదే. కొమ్ము మంచిదైన పంటయు మంచిదే, కాని యొకదానికి పట్టిన తెగులు చేనంతటికిని పట్టవచ్చును. సంయోగము లేని వంశమున హానికరమైన మార్పులు పోగుపడుచుండునని 1964లో ముల్లర్ పండితుడు చూపెను. కలయిక యున్నచో వానిని వదలించుకొనుటకు వీలు కలుగును.

మరియొక చిక్కు కలదు. యూరపు అడవులలోని లోబేరియా పుల్మొనేరియాలో సంయోగమునకు రెండు తెగలు కావలెను. ఒకే నలుసునుండి చెట్టంతయు నిండిన గుంపులో ఒక్క తెగయే యుండును గనుక, ప్రక్కప్రక్కనే యున్నను సంయోగము పొసగదు. లెప్రేరియాయను జాతి యైతే పూర్తిగా పిండియే. దానియందు సంయోగము నేటివరకు కనబడలేదు. అయినను అది లోకమందు పెక్కు దేశముల వ్యాపించియున్నది.

పిల్లలారా, ఈ మారు మామిడి బోదెపై మచ్చను గీకక భూతద్దముతో చూడుడు. చిన్న పళ్లెములవంటివి కనబడినచో అవి శిలీంధ్రము రేణువులు చేయు స్థానములు. పిండి కనబడినచో కాపురము తరలిపోవుచున్నదన్నమాట. కొన్నిట రెండును కనబడును.