లిఖిత ఆధారాలు లేని ప్రాచీన సంస్కృతుల వర్గీకరణ

వ్రాతపూర్వక ఆధారాలు లభించని ప్రాచీన సమాజాలను వాటి పనిముట్లు, కుండలు, కట్టడాలు, సమాధులు మొదలైన భౌతిక అవశేషాలను బట్టి చరిత్రకారులు, పురావస్తు శాస్త్రజ్ఞులు యుగాలుగాను, సంస్కృతులుగాను విభజిస్తారు. ఈ సమాజాలు తమను తాము ఏమని పిలుచుకున్నాయో తెలియదు. నేడు వాడుకలో ఉన్న పేర్లన్నీ తరువాతి వారు పెట్టినవే.

లిపిని బట్టి విభజన

* చరిత్ర పూర్వ యుగం: లిపి లేని కాలం.
* చారిత్రక సంధి యుగం: లిపి ఉన్నప్పటికీ దానిని చదవలేకపోయిన కాలం, లేదా ఇతరుల రచనలలో మాత్రమే ప్రస్తావన కలిగిన సమాజాల కాలం. సింధు లోయ నాగరికతను (ఉన్నత దశ సుమారు క్రీ.పూ. 2600-1900) పలువురు ఈ విభాగంలో చేర్చుతారు.
* చారిత్రక యుగం: చదవగలిగిన వ్రాతలు లభించిన కాలం. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాలు క్రీ.పూ. 3వ శతాబ్దానికి చెందినవి.

ఈ విభాగాలు అన్ని ప్రాంతాలలో ఒకేసారి మొదలు కాలేదు. మెసొపొటేమియాలో మట్టి పలకలపై లెక్కలు వ్రాస్తున్న కాలంలో దక్కను పీఠభూమి చరిత్ర పూర్వ యుగంలోనే ఉన్నది.

పనిముట్లను బట్టి విభజన

డెన్మార్కుకు చెందిన క్రిస్టియన్ థామ్సెన్ మ్యూజియం వస్తువులను రాతి, కంచు, ఇనుప యుగాలుగా అమర్చాడు. ఈ పద్ధతి 1836లో ప్రచురితమైనది. 1865లో జాన్ లబ్బక్ రాతి యుగాన్ని ప్రాచీన శిలాయుగం, నవీన శిలాయుగం అని విభజించాడు. అయితే ఈ క్రమం అన్ని చోట్లా వర్తించదు. దక్షిణ భారతదేశంలో ప్రత్యేకమైన కంచు యుగం స్పష్టంగా కనిపించదు. నవీన శిలాయుగం తరువాత ఇనుము వాడిన బృహత్ శిలాయుగం వచ్చినది. తెలంగాణ పల్లెలలో రాక్షస గుళ్ళు అని పిలిచే రాతి సమాధులు ఈ కాలానివే.

సంస్కృతుల పేర్లు

ఒకే రకమైన వస్తువులు కొన్ని స్థలాలలో కలిసి లభించినప్పుడు వాటిని ఒక సంస్కృతిగా పరిగణిస్తారు. మొదట గుర్తించిన స్థలాన్ని బట్టి (హరప్పా సంస్కృతి), కుండల రకాన్ని బట్టి (గంగా మైదానంలోని చిత్రిత బూడిదరంగు మృణ్మయ సంస్కృతి), సమాధుల రీతిని బట్టి పేరు పెడతారు. మట్టి పొరల క్రమం ఏది ముందో ఏది వెనుకో తెలుపుతుంది. 1949లో విల్లర్డ్ లిబ్బీ బృందం ప్రకటించిన రేడియోకార్బన్ పద్ధతి వలన సంవత్సరాలను అంచనా వేయడం సాధ్యమైనది.

ఉదాహరణ: ఉట్నూరు బూడిద దిబ్బ

కృష్ణా, తుంగభద్రా పరిసరాలలో పెద్ద బూడిద దిబ్బలు గలవు. హంపి సమీపంలోని నింబాపురం దిబ్బను వాలి దహన స్థలంగా స్థానికులు చెప్పుకుంటారు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో త్రవ్వకాలు జరిపాడు. అక్కడ కంచె గుంజలు పాతిన గుంటలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. పశువుల దొడ్డిలో పేరుకున్న పేడను పలుమార్లు కాల్చగా ఈ దిబ్బ ఏర్పడినది. ఇది క్రీ.పూ. మూడవ సహస్రాబ్దికి చెందినది. ఒక్క అక్షరం లేకపోయినా వారు పశుపోషకులని ఈ విధంగా నిర్ధారణ అయినది.

లిపి లేకుంటే నాగరికత కాదా?

వి. గోర్డన్ చైల్డ్ 1950లో నగర జీవనానికి పది లక్షణాలు సూచించాడు. వాటిలో లిపి ఒకటి. కానీ దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యానికి మనకు తెలిసిన అర్థంలో లిపి లేదు. వారు కిపు అనే ముడుల తాళ్ళతో పదుల లెక్కన గణాంకాలు భద్రపరచి, రహదారులు, ధాన్యాగారాలు నిర్వహించారు. అందువలన లిపిని నాగరికతకు తప్పనిసరి షరతుగా నేడు చాలామంది అంగీకరించరు.

పరిమితులు

పురావస్తు సంస్కృతి అనేది వస్తువుల సముదాయమే గాని ఒక జాతి గాని, భాష గాని కాదు. కుండలు చేతులు మారవచ్చు, ఒకే రకం కుండలను వేర్వేరు భాషల వారు వాడవచ్చు. ఉట్నూరు పశుపోషకులు ఏ భాష మాట్లాడారో బూడిద చెప్పదు. కనుక అటువంటి అవశేషాలను మాత్రమే చూపి వారిని నేటి ఏదో ఒక భాష వారి పూర్వీకులుగా నిర్ణయించడం శాస్త్రీయం కాదు.

ఇవి కూడా చూడండి

* నవీన శిలాయుగం
* సింధు లోయ నాగరికత
* పురావస్తు శాస్త్రం